మైకువాడికి గొంతుండకూడదు

మా మైకుసెట్టు బాబాయి పోయాడన్న కబురు నాకు చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగిన బస్సులో తెలిసింది. నందిగామలో నేను పనిచేసే కాలేజీకి రోజూ వెళ్ళే బస్సే. అమ్మ ఫోన్ చేసి, "బాబాయి పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, కుర్చీలో కూర్చున్నాడంట. ఇంక లేవలేదే" అంది. బస్సు దిగి, రోడ్డు దాటి, జగ్గయ్యపేట వైపు వెళ్ళే ఆటో ఎక్కాను. ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, టిఫిన్ డబ్బా బస్సులోనే మర్చిపోయానని.

మా వీధి మలుపు తిరిగేసరికి మసీదు మైకులో ఆయన పేరు చదువుతున్నారు. ఆ మైకు ఆయన బిగించిందే. మొదలుపెట్టగానే బుయ్‌మని ఒక మోత వస్తుంది దానికి. "ఆ వైరొకటి మార్చాలి అమ్మాయ్, ఈ వారం చూస్తా" అని రెండు నెలలుగా అంటున్నాడు. ఆ రోజు కూడా ముందు బుయ్‌మంది, తర్వాతే ఆయన పేరొచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. మా గోడా వాళ్ళ గోడా ఒకటే, అంతే. వాళ్ళు ముస్లిములు. మా నాన్న ఆయన్ని తమ్ముడూ అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి అయ్యాడు, ఆయన భార్య పిన్ని అయింది. ఇంటి ముందు గదే షాపు. పేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పద్యనాటకాలకీ, బుర్రకథలకీ, భజనలకీ, స్కూళ్ళ వార్షికోత్సవాలకీ మైకు పెట్టేవాడు. పెట్టిన చోటల్లా రికార్డు కూడా చేసేవాడు. రికార్డు చెయ్యమని ఎవరూ అడిగేవారు కాదు. "అడిగేది ఇప్పుడు కాదులే, పదేళ్ళ తర్వాత వస్తారు" అనేవాడు. నిజంగానే వచ్చేవాళ్ళు. మా తాత పాడిన భజన ఉందా అని ఒకరు, చచ్చిపోయిన మా ఆవిడ కోలాటంలో పాడింది, చూడండి అని ఒకరు.

నాకు స్వతహాగా కంగారెక్కువ. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి తాళం లాగి చూసే రకం నేను. బాబాయి ఆ తంతు షాపులోంచి రోజూ చూసేవాడు. "నీ కంగారుకి ఒక వైరు తగిలిస్తే పేటంతా లైట్లు వెలుగుతయ్" అనేవాడు. నవ్వుకుంటూ బస్సెక్కేదాన్ని. ఆయన పోయిన తర్వాత నలభై రోజులు నేను పడిన కంగారు చూసి ఉంటే ఏమనేవాడో తెలియదు.

ఆ కంగారుకి కారణం పిన్ని అడిగిన ఒక్క మాట. మూడో రోజు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. వాళ్ళ ఆచారం ప్రకారం ఆమె గడప దాటకూడని రోజులవి. నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఆ కంప్యూటర్లో మీ బాబాయి మాటేమన్నా ఉందా?" అంది.

"ఆయన మాటా?"

"మైకు పెట్టంగానే ఒకటి, రెండు, మూడు అనేవాడు గదా. అదన్నా చాలు. నలభయ్యో రోజుకి అమ్మాయీ అల్లుడూ వస్తన్నారు. అందరం ఒకసారి వింటాం. నువ్వే గదా అన్నీ ఎక్కించింది, నీకు తెలుసుద్ది."

"ఉంటుంది పిన్నీ, చూస్తా" అన్నాను. నోరు అలా అనేసింది. కానీ అది లేదని నాకు తెలుసు. లేకుండా చేసింది నేనే.

ఈ రోజుల్లో ఒక మనిషి గొంతు దొరక్కపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. బాబాయిది బటన్ల ఫోను. వాళ్ళమ్మాయి ఖమ్మం నుంచి రోజూ మాట్లాడేది గానీ, రేపు కూడా ఉంటాడనుకున్న మనిషి మాటల్ని ఎవరు దాచుకుంటారు? ఆ అమ్మాయి పెళ్ళి వీడియో ఒకటుంది. అందులో బాబాయి అందర్నీ భోజనాలకి లేవమని పిలుస్తూ పది చోట్ల కనిపిస్తాడు. వీడియో తీసినతను మొదట్నుంచి చివరిదాకా పాటలు పరిచేశాడు. బాబాయి పెదాలు కదులుతుంటాయి, ఏదో సినిమా పాట వినిపిస్తుంటుంది.

కంప్యూటరు ఆయన దగ్గరికి యాభై అయిదు దాటాక వచ్చింది. మూసేసిన ఇంటర్నెట్ సెంటరు వాళ్ళ దగ్గర పాతది కొన్నాడు. శబ్దాన్ని కోసి అతికించే సాఫ్ట్‌వేరు ఒకటి ఉచితంగా దొరుకుతుందని ఎవరో చెబితే, దాన్ని ఎక్కించమని నన్ను పిలిచాడు. అందులో మాటలన్నీ ఇంగ్లీషు. నేను సాయంత్రం బస్సు దిగి వచ్చి, టీ తాగుతూ ఒక్కొక్క మెనూ చదివి చెప్పేదాన్ని. ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ, తెర మీద నీలం అలల వంక చూసేవాడు. నెల తిరిగేసరికి ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. అలను చూసి ఇది చప్పట్లు, ఇది హార్మోనియం, ఇదిగో ఇక్కడ పిల్లోడు ఏడ్చాడు అని వినకుండానే చెప్పేసేవాడు.

మూడు గంటల కార్యక్రమాన్ని ముక్కలు చెయ్యడం కూరగాయలు తరిగినంత తేలికనుకున్నాను మొదట్లో. ఎక్కడ పాట మొదలైతే అక్కడ ఒక గుర్తు పెట్టడం, పేరు రాయడం, అన్నీ అయ్యాక ఒక్క నొక్కుతో ట్రాకులన్నీ బయటికి తీయడం. నేను చేసిన మొదటి సీడీలో ఒకటో పాట తర్వాత పదో పాట వచ్చింది. అంకె ముందు సున్నా పెట్టకపోతే కంప్యూటరు ఒకటి పక్కనే పదిని పేరుస్తుంది, నేను ఆ సున్నా పెట్టలేదు. భజన సమాజం వాళ్ళు గణపతి ప్రార్థన వెంటనే మంగళహారతి విని గొడవకొచ్చారు. బాబాయి మాత్రం వాళ్ళకి కుర్చీలు వేసి, "హారతి ముందే అయిపోయిందిగా, ఇంక ప్రసాదం తీసుకోండి" అని బిస్కెట్లు పంచాడు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, "సున్నాని చిన్నచూపు చూడమాకు" అన్నాడు.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. మైకు మీద ఎవరైనా ఊదితే, "అది పొయ్యి కాదండీ" అనేవాడు, పెద్దమనుషుల్ని కూడా. కార్యక్రమం మొదలయ్యే ముందు అర నిమిషం ఖాళీ హాలుని రికార్డు చేసేవాడు. ఆ ఖాళీలో ఉన్న ఫ్యాన్ల హోరుని సాఫ్ట్‌వేరుకి చూపిస్తే, మిగతా అంతట్లోనూ ఆ హోరుని తీసేస్తుంది. "ఏది చెత్తో ముందు చూపించాలి. లేకపోతే చీపురికేం తెలుసు?" అనేవాడు. పాట చివర చప్పట్లను టక్కున కొయ్యనిచ్చేవాడు కాదు. జనం లేచి ఇళ్ళకి పోతున్నట్టు మెల్లగా తగ్గించమనేవాడు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు వన్స్‌మోర్. మా వైపు పద్యనాటకంలో ఒక పద్యం బాగా పాడితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు, నటుడు సీను ఆపి అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. రెండుసార్లు ఎందుకండీ, రెండోది తీసెయ్యండి, నిడివి తగ్గుతుంది అని చాలామంది అడిగేవారు. బాబాయి ఒప్పుకునేవాడు కాదు. మొదటిది పాడినాయనది, రెండోది జనానిది, జనం సొమ్ము తియ్యడానికి మనమెవరం అనేవాడు. ఆ అరుపు, మధ్యలో చప్పట్లు, మళ్ళీ హార్మోనియం ఎత్తుకోవడం, అన్నీ ఒకే ట్రాకులో ఉండాల్సిందే.

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఒక్క శబ్దాన్ని మాత్రం ఎక్కడ కనిపించినా కోసేసేవాడు. తన దాన్ని. హాల్లో సందడి కూడా పడాలని రికార్డరుని, మైకుల వైర్లన్నీ వచ్చి కలిసే తన మిక్సరు బల్ల మీదే పెట్టుకునేవాడు. దాంతో అన్నిటికంటే గట్టిగా వినిపించేది ఆయనే. మొదట్లో "ఒకటి, రెండు, మూడు", మధ్యలో "ఆ లైటు ఆపండయ్యా", నాటకమంతా ఆయన దగ్గు. పాతికేళ్ళ దగ్గు అది. సాయంత్రాలు కూర్చుని తెర మీది చిన్న కత్తెర బొమ్మతో బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్క దగ్గునీ ఏరేసేవాడు. ఒకసారి నేను, "ఉంటే ఏమైంది బాబాయ్, అది కూడా ఆ రోజు జరిగిందే కదా" అన్నాను.

"మైకువాడికి గొంతుండకూడదు అమ్మాయ్" అన్నాడు. "వాడి గొంతు వినపడిందంటే వాడికి పని రానట్టే."

ఒక్కోసారి దగ్గు పాట మీదే పడేది. అప్పుడు చాలాసేపు తంటాలు పడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, చేతులెత్తేసేవాడు. "పక్కపక్కనుంటే విడదీయొచ్చు. ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే ఏ కత్తెరా తెగ్గొయ్యలేదు" అని ఆ పాటనే వదిలేసేవాడు. అలా వదిలేసినవి ట్రాకులుగా బయటికి తీసేవాడు కాదు, ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మూడేళ్ళ క్రితం ఆ కంప్యూటరు నిమిషానికోసారి ఆగిపోతుంటే, ఒక కొత్త హార్డ్‌డిస్కు కొని, "అన్నీ ఇందులోకి ఎక్కించి, దాన్ని శుభ్రంగా తుడిచెయ్యి" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేరు ప్రతి పనినీ రెండుగా దాస్తుంది. ఒక చిన్న ఫైలు, దాని పక్కనే అదే పేరుతో ఒక ఫోల్డరు. ఫోల్డరు తెరిస్తే అర్థంపర్థం లేని పేర్లతో వేలకొద్దీ ముక్కలుంటాయి. అసలు శబ్దమంతా ఆ ముక్కల్లోనే ఉంటుంది. ఫైలు ఉత్త చిట్టా. "అవి తల్లీపిల్లా, విడదీయమాకు" అని బాబాయి నాకు చెప్పాడు కూడా. చెప్పినప్పుడు నేను ఫోన్‌లో కాలేజీ వాళ్ళ మెసేజ్‌కి జవాబు రాస్తున్నాను. ఊ అన్నాను. ఫోల్డర్లను చూసి ఇదంతా సాఫ్ట్‌వేరు పెట్టిన చెత్త అనుకున్నాను. కోసి పూర్తిచేసిన ట్రాకులు ఎక్కించాను, చిన్న ఫైళ్ళు ఎక్కించాను. ఫోల్డర్లు వదిలేసి పాతదాన్ని తుడిచేశాను. తాళం మూడుసార్లు లాగి చూసే నేను, ఆ ఒక్కటి మాత్రం లాగి చూడలేదు.

మర్నాడు ఫైలు తెరిస్తే అల లేదు. గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరికి చదునుగా ఉంది. అన్నీ అంతే. కోయని అసలు రికార్డింగులన్నీ పోయాయి. రికార్డరు కార్డుని ఎప్పటికప్పుడు చెరిపి వాడుకునేవాడు, పాత క్యాసెట్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాడు. ఇంకెక్కడా లేవు. నేను ఏడ్చేశాను. బాబాయి కాసేపు ఆ చదును గీతనే చూశాడు. ఆ కాసేపు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "ఎందుకే ఏడుస్తన్నావ్? అందరి పాటలూ ఉన్నయ్ గదా. పోయింది నా దగ్గేలే" అన్నాడు. పిన్నికి చెప్పమాకు, పాపం అది కంగారు పడుద్ది అని కూడా అన్నాడు. ఆ తర్వాత ఆయాసం ఎక్కువై ఆయన కొత్త కార్యక్రమాలకి వెళ్ళడం మానేశాడు. కొత్త రికార్డింగులు లేవు.

పోయింది నా దగ్గేలే అన్న మాట ఆ రోజు నన్ను బతికించింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని అడిగిన రోజు అదే మాట ఆమెకి చెప్పలేక, ఉంటుందని అనేశాను.

ఉన్న ట్రాకులన్నీ ఫోన్‌లో ఎక్కించుకుని, బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. పేట నుంచి నందిగామకి వెళ్తూ కొన్ని, వస్తూ కొన్ని. ఎక్కడో ఒకచోట ఆయన కత్తెర తప్పి ఉంటుంది, ఒక "రెండు" అయినా, ఒక "అయ్యా" అయినా మిగిలి ఉంటుందని ఆశ. ఆయన పని అంత శుభ్రంగా ఉన్నందుకు రోజూ తిట్టుకున్నాను. మనిషి పోయాక ఆయన పనితనాన్ని తిట్టుకోవడం ఏమిటని మళ్ళీ నన్ను తిట్టుకున్నాను. కాలేజీలో ఫీజు రసీదు మీద ఒకమ్మాయి పేరుకి బదులు బుర్రకథ పేరు రాసిచ్చాను. నిద్రలో ఆ చదును గీత కనిపించేది. పిన్ని మాత్రం ఏమీ అడగలేదు. వెళ్ళినప్పుడల్లా నా మొహం వంక ఒకసారి చూసేది, టీ ఇచ్చేది. అడిగి ఉంటే బాగుండేది. ముప్పయ్యో రోజు, ముప్పై రెండో రోజు, ముప్పై అయిదో రోజు. ఆమె ఎదుట కూర్చోలేక అమ్మతో తలనొప్పని చెప్పించాను.

ముప్పై ఎనిమిదో రోజు సాయంత్రం దొరికింది. దొరికిందని అనుకున్నాను, అంతవరకే. నందిగామలో ఎప్పుడో ఆడిన నాటకం, పదకొండో ట్రాకు. ఎవరో ముసలి నటుడు. పద్యం బాగానే ఎత్తుకున్నాడు. చివరి రాగం దగ్గర ఊపిరి చాల్లేదు. గొంతు తెగిపోయింది, మాట సగంలో ఆగింది. చప్పట్లు లేవు. హాలంతా నిశ్శబ్దం. ఆ ఇబ్బంది నాకు బస్సులో కూర్చున్నా తెలిసింది. అప్పుడు మైకుకి చాలా దగ్గరగా, ఒకే ఒక్క గొంతు, "వన్స్‌మోర్!" అని అరిచింది. బాగా పాడితే అరవాల్సిన అరుపు అది. పాడలేకపోయినవాడికి ఎవరో అరిచారు. ఒక్క క్షణం ఆగి ఇంకో నలుగురు అందుకున్నారు, తర్వాత హాలు మొత్తం. ఆ సందడిలో హార్మోనియం మళ్ళీ మొదలైంది. రెండోసారి ఆ ముసలాయన పద్యాన్ని చివరిదాకా లాక్కొచ్చాడు.

ఆ మొదటి గొంతు ఎవరిది? రికార్డరు బల్ల మీద ఉంది కాబట్టి ఆయనదే కావాలి. కానీ నాటకం ఆడించినవాళ్ళు కూడా ఆ బల్ల చుట్టూనే మూగుతారు. నలభై సార్లు విన్నాను. బాబాయి అరవగా నేను ఎప్పుడూ వినలేదు. ఒకసారి ఆయనే అనిపించేది, ఇంకోసారి ఎవరో పరాయి మనిషి అనిపించేది. ఎవరిదో గొంతు తీసుకెళ్ళి ఇదిగో నీ మొగుడని పిన్నికి వినిపిస్తే?

మర్నాడు, వాళ్ళమ్మాయి రావడానికి ముందే వెళ్ళాను. పిన్ని జపమాల తిప్పుతూ కూర్చుంది. ముందు తప్పు చెప్పాను. ఫైళ్ళూ ఫోల్డర్లూ ఆమెకి అర్థం కావు కాబట్టి, "ఆయన మాటలన్నీ ఒక సంచిలో ఉన్నయ్ పిన్నీ. అది చెత్త అనుకుని నేనే పారేసా" అన్నాను. ఆమె వేళ్ళు ఆగలేదు. పూసలు ఒక్కొక్కటే జరుగుతున్నాయి.

"ఆయనకి తెలుసా?" అంది చివరికి.

"తెలుసు."

"ఏమన్నాడు?"

"పోయింది నా దగ్గేలే అన్నాడు."

పిన్ని మొహంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో నేను చెప్పలేను. "ఇంకేమన్నా ఉందా?" అంది.

"ఒకటుంది. కానీ ఆయనో కాదో నాకు తెలీదు."

"పెట్టు. ఆ ఫోన్లో కాదు. ఆయన డబ్బాలో పెట్టు."

ముందు గదిలోకి వెళ్ళి ఆయన పెద్ద స్పీకరు మీద కప్పిన దుప్పటి తీశాను. నలభై రోజుల దుమ్ము. వైరు తగిలించాను. కంప్యూటరు తెర మీద అల వచ్చింది. పిన్ని లోపలి గుమ్మంలో, తలుపు పట్టుకుని నిలబడింది. అది ఎవరి గొంతో, ఎప్పుడు వస్తుందో నేను ఏమీ చెప్పలేదు. పద్యం వచ్చింది. ముసలాయన ఊపిరి తెగింది. నిశ్శబ్దం. తెర మీద ఆ నిశ్శబ్దం చదునుగా ఒక వేలి వెడల్పుంది. దాని పక్కన ఒక్క నిలువు గీత లేచి ఉంది.

"వన్స్‌మోర్!"

గది అదిరింది. నేను పిన్ని వైపు తిరగడానికి భయపడి తెరనే చూస్తూ కూర్చున్నాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. కోపంగా, రోజూ అనే మాట అన్నట్టుగా, స్పీకరు వైపుకి.

"అంత గట్టిగా అరవమాకయ్యా, దగ్గొచ్చుద్ది."

చప్పట్లు మొదలయ్యాయి. హార్మోనియం ఎత్తుకుంది. ముసలాయన పద్యంలో మొదటి మాట అందుకున్నాడు. సరిగ్గా ఆ మాట మీద, ఇయర్‌ఫోన్లలో నాకెన్నడూ వినపడని చోట, స్పీకరు లోపల నుంచి ఆయన రెండుసార్లు దగ్గాడు.